చుట్టుకొలతలో నాలుగో వంతు

నా భార్య పోయిన రెండో నెలలో, హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లో, బిడ్డకు లెక్కలు చెప్పడానికి కూర్చున్నాను. అంతకుముందు ఆ పని నా భార్యది. ఆమె ఆడవాళ్ల బట్టలు కుట్టేది. కత్తిరింపు బల్ల పక్కన బిడ్డను కూర్చోబెట్టుకొని, చేతిలో ఉన్న సుద్దతోనే పటాలు గీసి చెప్పేది. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. ఇంటికి వచ్చాక కూడా ఏదో పుస్తకం పట్టుకొని పక్క గదిలో ఉండేవాణ్ని.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పది రోజుల్లో ఉంది. ఇళ్ల ప్లాన్లు గీసే చదువు చదవాలని బిడ్డ కోరిక. నమూనా పరీక్షల్లో జ్యామితి దగ్గరే మార్కులు పోతున్నాయి. ప్రశ్నలు తికమకగా రాస్తారని, అందుకే తప్పులు వస్తున్నాయని బిడ్డ అనేది. నేనూ నమ్మాను.

"గిన్ని పుస్తకాలు చదివినవ్ గదా బాపు, గిది చదువు మరి," అని ఒక ప్రశ్న చూపించింది.

‘చిన్నది కాని భుజం, పెద్దది కాని భుజానికి రెట్టింపుగా ఉండి, చుట్టుకొలత 36 సెంటీమీటర్లు గల దీర్ఘచతురస్రం వైశాల్యమెంత?’

మూడుసార్లు చదివాను. "పొడవు వెడల్పుకు రెట్టింపు, గంతే. గంత మాటకు ఇంత లొల్లి."

"గది నాకు తెల్సు," అంది. అప్పటికే జవాబు వేసి ఉంది. ఎనభై ఒకటి. రావలసింది డెబ్బై రెండు.

"ముప్పై ఆరును నాలుగుతో ఎందుకు భాగించినవ్ బిడ్డా?"

"చుట్టుకొలత ఇస్తే నాలుగుతో భాగించుడే గదా. అమ్మ గట్లనే చేస్తుండె."

పాత పరీక్ష కాగితాలన్నీ తీయించాను. త్రిభుజం, వృత్తం, ఏదైనా సరే, చుట్టుకొలత కనిపించగానే నాలుగుతో భాగించింది. చతురస్రాలు మాత్రం సరిగ్గా వచ్చాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అప్పుడు కత్తిరింపు బల్ల గుర్తొచ్చింది. జాకెట్టు కత్తిరించేటప్పుడు నా భార్య బట్టను నాలుగు పొరలుగా మడిచేది. ఛాతీ చుట్టుకొలత ముప్పై ఆరైతే అందులో నాలుగో వంతు, తొమ్మిది అంగుళాలు పెట్టి, కుట్టుకు కొంత వదిలి గీసేది. బిడ్డ పక్కన కూర్చొని రోజూ చూసింది అదే.

"అమ్మది తప్పంటున్నవా?" బిడ్డ గొంతు మారింది.

"తప్పు గాదు. అమ్మ మడతపెట్టి గీస్తుండె, నాలుగు పొరలూ ఒక్కతీరుగ ఉంటుండె. గీ పటాన్ని ఎవరూ మడతపెట్టలే."

బిడ్డ పాత పేపరును నాలుగుగా మడిచి, కత్తిరించి, విప్పి చూసింది. నాలుగు భాగాలూ ఒక్కతీరుగా వచ్చాయి. తర్వాత ఇంకో లెక్క తీసుకుంది. త్రిభుజం. చుట్టుకొలత అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. భాగించలేదు. చివరిదాకా చదివి చేసింది. సరైన జవాబు వచ్చింది. ఆ తర్వాతదీ వచ్చింది.

"వస్తున్నయి బాపు," అంది.

తల ఊపాను. నా భార్య చేతి అలవాటు ఒకటి ఈ ఇంట్లో ఇంకా పనిచేస్తోందని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. తెలిసిన గంటలోనే దాన్ని మాన్పించాను. సీటు కావాలంటే మాన్పించక తప్పదు.

"ఇంకోటియ్యి," అంది బిడ్డ.

ఇచ్చాను.