ఊదారంగు చెక్క

మచిలీపట్నంలో మా వీధి వడ్రంగి తాతగారు ఏ చెక్క చేతికొచ్చినా బొటనవేలితో నిమిరి, "ఏ ఊరమ్మా మీది?" అని దాన్నే అడిగేవారు.

పాప మంచానికని మా ఆయన గుడివాడ టింబర్ డిపోలో కొన్న చెక్క ఊదారంగులో ఉంది. పాపకి పళ్లొస్తున్నాయి, అందిందల్లా కొరుకుతోంది. తాతగారు చిత్రిక పడితే లోపల మట్టిరంగు తేలింది.

"చూశారా తాతగారూ, పైన రంగు పూశారు!" అన్నాను.

"నీకన్నీ కంగారేనమ్మా! గీతలు చూడు, ఎంత సన్నగా, తిన్నగా ఉన్నాయో. ఇది దక్షిణ అమెరికా చెక్క, విశాఖలో హోటలు పనికి వెళ్లినప్పుడు చూశాను. ఎండ తగిలితే తనే రంగు తిరుగుతుంది," అంటూ దాన్ని మా వడియాల పక్కన ఎండబెట్టారు.

నాలుగైదు రోజులకి నిజంగానే వంకాయలా నిగనిగలాడింది. అయినా నేను ఊరుకోలేదు. "మరి నోట్లో పెట్టుకుంటే?" అన్నాను.

"అది మాత్రం నాకు తెలీదమ్మా," అని ఒప్పేసుకుని, పాప నోటికందే చోటల్లా వేపచెక్క వేశారు.

మంచం బిగిస్తుంటే పాప ఆయన వేలినే కొరికింది. రోజుకి పదిసార్లు దాని నోరు తెరిచి చూసేదాన్ని నేను. ఆయన మాత్రం ఆ గాటుని వెలుగుకి పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "రెండో పన్ను కూడా వచ్చిందే! చూసుకోలేదా?" అన్నారు.