విసుగు గురించి అడగమన్న కాంపౌండర్ సార్

మొన్న బుధవారం పొద్దున కలువాయి దగ్గర ఒక పల్లెలో గొర్రెలకు నట్టల మందు తాపిస్తున్నాను. ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చింది. మా కాంపౌండర్ సార్ చిన్నకొడుకు.

“అక్కా, నాయన పోయినాడు. కాఫీ తాగి కాసేపు పడుకుంటానన్నాడు. మళ్లా లేవలా.”

వస్తున్నానన్నాను. కానీ వెంటనే బయల్దేరలేదు. మందలో మిగిలిన గొర్రెలన్నిటికీ మందు తాపించాను. పని ఆపితే ఆ మాట నిజమైపోతుందని భయమేసిందేమో. చివరి గొర్రెను వదిలి, చేతులు కడుక్కుంటూ అక్కడే కూలబడ్డాను. “ఏమైంది డాక్టరమ్మా?” అని మంద కాసే పెద్దాయన అడిగాడు. “మా సార్ పోయారు” అని మాత్రం చెప్పగలిగాను.

ఉదయగిరి చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో ఆయన చాలా ఏళ్లు కాంపౌండర్‌గా చేశారు. మాది ఉదయగిరి కొండ కింద పల్లె. మా నాయనకు జోడిపి జాతి గొర్రెల మంద ఉండేది. సార్ వస్తే ముందు గొర్రెతో మాట్లాడేవారు. “ఏంది తల్లీ, ఏం తిన్నావు నిన్న?” అని దాని దవడ నిమిరేవారు. తర్వాతే మనుషులు. మంద ఎవరిదో ఆయనకు అక్కర్లేదు, మేపుకొచ్చిన మనిషినే అడిగేవారు. చొక్కా జేబులో పెన్నూ థర్మామీటరూ పక్కపక్కనే పెట్టుకుని, చీటీ రాయబోయి థర్మామీటరు తీసేవారు. మేం నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఆయన నాకు చదువు చెప్పలేదు. కానీ నా జీవితంలో గురువు ఎవరంటే ఆయన పేరే చెబుతాను.

ఇంటర్ తర్వాత నెల్లూరులో రెండేళ్లు మెడిసిన్ కోచింగ్ తీసుకున్నాను. రెండుసార్లు రాశాను. రెండోసారి కూడా డాక్టర్ సీటుకు చాలని ర్యాంకే వచ్చింది. నా ఫీజుల కోసం మా నాయన మందలో సగం అమ్మేశాడు. ఇంటికొచ్చి నేను వీధిలోకి రావడం మానేశాను. ఎవరైనా పలకరిస్తారని మధ్యాహ్నం పూట గొర్రెల దొడ్లో కూర్చునేదాన్ని. ఒకరోజు టీకాలు వేయడానికి వచ్చిన సార్ నన్ను అక్కడ చూశారు.

“పాపా, ఆ గొర్రెపిల్లను పట్టుకో” అన్నారు. పట్టుకున్నాను. ఇంకోదాన్ని పట్టుకోమన్నారు. సాయంత్రం దాకా పట్టుకుంటూనే ఉన్నాను. వెళ్లేటప్పుడు సంచిలోంచి మందుల కంపెనీ వాళ్లిచ్చిన నోటుబుక్కు ఒకటి తీసి ఇచ్చారు.

“నెలదినాలు దీంట్లో రాయి. ఏ పని చేస్తుంటే అన్నం సంగతి మర్చిపోయినావు, ఏ పని చేస్తుంటే గడియారం చూసినావు. అంతే. ఇంకేం రాయబాక.”

నెల తర్వాత ఆ పుస్తకం చదివి ఆయన ఏ సలహా ఇవ్వలేదు. తన బండి మీద ఆత్మకూరు తీసుకెళ్లారు. ఒక నర్సమ్మ దగ్గరికి, బ్యాంకులో పనిచేసే ఒకామె దగ్గరికి, ఒక పశువుల డాక్టరమ్మ దగ్గరికి. దారిలో ఒకే మాట చెప్పారు.

“బాగుండేవి అందరూ చెబుతారు. నువ్వు విసుగు గురించి అడుగు. వాళ్ల పనిలో వాళ్లకు దేనికి ప్రాణం విసుగుతాదో అడుగు.”

నేను సిగ్గుపడుతూనే అడిగాను. రోగి బంధువుల అరుపులని నర్సమ్మ చెప్పింది. పొద్దస్తమానం ఒకే కుర్చీలో కూర్చోవడమని బ్యాంకులో ఆమె అంది. డాక్టరమ్మ, “అంతా అయిపోయినాక పిలుస్తారు. అప్పటికి దాని కళ్లు తేలేసి ఉంటాయి. మనం ఏం చెయ్యలేం. అదీ నా విసుగు” అంది.

తిరుగు దారిలో టీకొట్టు దగ్గర సార్ బండి ఆపారు.

“ఈ మూడు విసుగుల్లో నువ్వు మొయ్యగలిగేది ఏది?”

“మూడోది” అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

“ఉద్యోగమంటే ముప్పై ఏండ్లు పొద్దున్నే లేచేది పాపా. లేచేదానికి నీకేది బరువు గాకుండా ఉండాదో అదే నీది” అన్నారు. నా ర్యాంకుకు పశువైద్యంలో సీటు వస్తుందని అప్పుడు చెప్పారు. ముందే తెలిసినా, నేను తేల్చుకునేదాకా ఆ మాట ఎత్తలేదు.

ఈ సంగతి తెలిసిన మా నాయన సార్ ఇంటి ముందుకు వెళ్లి అరిచాడు. నేను పక్కనే ఉన్నాను.

“గొర్రెల బతుకు వద్దని గదా సారూ నేను మంద అమ్మింది? నువ్వు మళ్లా తీసుకొచ్చి గొర్రెల్లోనే పడేస్తావా? నీ బిడ్డయితే ఇట్నే చెబుతావా?”

“నా బిడ్డయితే ఇంకా ముందే చెప్పుందును” అన్నారు సార్.

నేను తిరుపతిలో చేరాను. ఆ రోజు నుంచి మా నాయన ఆయనతో మాట్లాడలేదు. మందలో జబ్బొస్తే వింజమూరు పోయి మందు తెచ్చుకునేవాడు గానీ సార్‌ను పిలిచేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చాక నాయన కోపం చల్లారింది. కానీ ఆ తర్వాత సిగ్గు అడ్డొచ్చింది. “ఒకసారి పోయి కలువు నాయనా” అంటే, “ఏం ముఖం పెట్టుకొని పోయేది? పోదాంలే, ఈ వానలు పోనీ” అనేవాడు. ఎన్నో వానలు వచ్చిపోయాయి. అప్పటికి సార్ రిటైరై ఆత్మకూరులో ఇల్లు కట్టుకున్నారు.

ఇక నా సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. పోయినేడాది నాకు ఈ పని మీద మనసు విరిగింది. గంటల్లో ప్రాణం తీసే చిటుకు రోగం వచ్చి ఒక పల్లెలో నా కళ్లముందే గొర్రెలు వరసగా పడిపోయాయి. నన్ను పిలిచేసరికే ఆలస్యమైంది. మంద పోగొట్టుకున్న మనిషి నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. ఆ తర్వాత పొద్దున్నే లేవడం బరువైంది. బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొన్నాను. సార్‌కు చెప్పడానికి సిగ్గేసి ఆత్మకూరు వెళ్లడమే తగ్గించాను. వెళ్తే ఆయన కనిపెట్టేస్తారు.

రెండు నెలల కిందట ఆయనకు ఆయాసం ఎక్కువైందని తెలిసి వెళ్లాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నారు. నా ముఖం కేసి చూశారు.

“విసుగొచ్చిందా పాపా?”

“లేదు సార్” అన్నాను.

ఆయన తలాడించారు. అబద్ధమని తెలుసు ఆయనకు. “వచ్చినా తప్పు గాదు. దారి ఒక్కసారి వెతుక్కుంటే చాలదు. మళ్లా వెతుక్కోవాల్సొస్తాది. అప్పుడు ఒక్కదానివే వెతుక్కోబాక” అన్నారు. ఆ మాట పూర్తిచేయడానికి రెండుసార్లు ఆగారు. మనసులోది చెప్పుకోమని అంతకన్నా తలుపు ఎవరు తెరుస్తారు? నేను ఆ తలుపులోకి అడుగుపెట్టలేదు. మందులు వేళకు వేసుకోమని డాక్టరమ్మలాగా చెప్పి లేచాను. ఈసారి వచ్చినప్పుడు అన్నీ చెబుదామనుకున్నాను. ఈసారి ఉందనుకున్నాను.

బుధవారం నేను వెళ్లేసరికి ఆయన్ను వరండాలో పడుకోబెట్టారు. పల్లెల నుంచి గొర్రెల కాపరులు చాలామంది వచ్చారు. సార్ భార్య నన్ను పట్టుకుని, “నువ్వొస్తావని ప్రతి ఆదివారం గేటు తీసిపెట్టమనేవాడు” అంది.

ఆ బ్యాంకు పరీక్షల పుస్తకాలు ఏం చేస్తానో, ఈ పనిలో ఉంటానో లేదో ఇంకా నాకు తెలియదు. అడగడానికి మనిషి లేడు.

పాడె ఎత్తే వేళకు మా నాయన వచ్చాడు. బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు, పంచె నిండా దుమ్ము. పాడె మోయడానికి వంగిన సార్ చిన్నకొడుకు దగ్గరికి నేరుగా వెళ్లాడు.

“నాయనా, ఈ పక్క నాకియ్యి.”

“నీకు మోకాళ్లు బాగలేవు పెద్దాయనా. నడవలేవు.”

“నడుస్తాను. ఇయ్యి.”

ఆ అబ్బాయి పక్కకు తప్పుకున్నాడు. మా నాయన పొట్టి మనిషి. మిగిలిన ముగ్గురూ పొడుగు. పాడె ఆయన వైపుకి వాలింది. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ ముగ్గురూ కొంచెం మోకాళ్లు వంచి, ఆయన అడుగుకు సరిగ్గా తమ అడుగు కలుపుకుంటూ, వీధి చివర మలుపు దాకా నెమ్మదిగా వెళ్లారు.