గుర్రాన్ని మోసిన ఇటలీ సైనికుడు

మా నగరం పాత పేటలో ఒక ఇటుకల ఇంటి గోడకు ఉన్న కంచు ఫలకాన్ని శుభ్రం చేయించి, దాని కింద ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టబోతున్నారని పోయిన వారం నగరపాలక సంస్థ వారి ఉత్తరం వచ్చింది. మా ఆవిడ దాన్ని పైకి చదువుతూంటే నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ ఫలకాన్ని ముప్పై ఏళ్ళ కిందటే నేను తెలుగులోకి అనువదించాను. నాకు ఇటాలియన్ రాదన్నదొక్కటే అందులో లోపం.

అప్పటికి నేను అమెరికా వచ్చి నాలుగేళ్ళు. సోషల్ మాస్టారుగా రిటైరైన మా మామగారు మమ్మల్ని చూడడానికి వచ్చారు. ఆ రోజుల్లో ఇండియా నుంచి ఎవరొచ్చినా శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని ఊరు చూపించడం మనందరికీ రివాజు. చూపించేవాడికి ఊరు తెలిసి ఉండాలన్న నియమం మాత్రం ఉండేది కాదు. పైగా నేను అమెరికా అల్లుణ్ణి. తెలియదు అనే మాట అల్లుడి నోట రావడం పిల్లనిచ్చిన వాళ్ళకే అవమానమని నాకు నేనే నిర్ణయించుకున్నాను.

ఆ ఫలకం మీద గడ్డం, కత్తి, పక్కన గుర్రంతో పందొమ్మిదో శతాబ్దపు ఇటలీ సైనికుడొకాయన ఉన్నాడు. కింద రాతంతా ఇటాలియన్. ఏం రాశారని మామగారు అడిగారు. దేశం కోసం పోరాడి, ప్రవాసం వచ్చి, ఈ ఇంట్లో తలదాచుకున్నాడని చెప్పాను. అక్కడితో ఆగితే పోయేది. ఆయన చేతులు కట్టుకుని శిష్యుడిలా వింటూంటే నాకు ఊపొచ్చి, యుద్ధంలో గుర్రానికి గాయమైతే దాన్ని భుజాన వేసుకుని నది దాటాడన్నాను.

మామగారు ఫలకం మీది గుర్రాన్ని మరోసారి పరకాయించి చూశారు.

"ఎంత గుర్రమండీ, అల్లుడుగారూ?"

"చిన్నదేనండీ."

రెండు వారాల తర్వాత ఆ సైనికుడి జయంతికి అక్కడి ఇటాలియన్ సంఘం వాళ్ళు సభ పెట్టారు. బళ్ళో నాయకుల పటాలకు వేసినట్టే ఈయనకూ దండ వేయాలని మామగారు పట్టుపట్టారు. మా ఆవిడ కిరాణా దుకాణంలో దొరికిన చామంతులు గుచ్చింది. ఫలకానికి మేకు లేకపోతే నేను రబ్బరు బ్యాండ్లతో దండ బిగించాను; మామగారు కంచు నుదుటికి కుంకుమ పెట్టారు. ఇటాలియన్ పెద్దలు మురిసిపోయి, ఆయన్ని రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన నిదానమైన ఇంగ్లీషులో ప్రవాసం చెప్పి, స్వాతంత్ర్యం చెప్పి, గుర్రం దగ్గరికి వచ్చారు.

సంఘం అధ్యక్షుడు, ఎనభై ఏళ్ళ ముసలాయన, ఇది ఎక్కడ రాసి ఉందని మర్యాదగానే అడిగాడు. మామగారు నావైపు చూశారు. నేను వంగి బూటు తాళ్ళు కట్టుకుంటున్నాను. ఆ బూట్లకు తాళ్ళు లేవు.

"సారీ సర్, మిస్టేక్ ఈజ్ మైన్," అన్నారు మామగారు.

అధ్యక్షుడు పకపకా నవ్వి, ఆ సైనికుడికి కీళ్ళనొప్పులుండేవనీ, ఆయన్నే నలుగురు పట్టి గుర్రం ఎక్కించేవారనీ చెప్పాడు. అందరూ నవ్వారు. ముప్పై అయిదేళ్ళు పిల్లలకు ఒక్క తేదీ తప్పు చెప్పని మనిషి, తనూ నవ్వుతూ, కళ్ళజోడు తుడిచిందే తుడుస్తూ నిలబడ్డారు. తిరుగు ప్రయాణంలో కార్లో ఆయనకు నిజం చెప్పడానికి నలభై నిమిషాలు దొరికాయి. నేను ట్రాఫిక్ గురించి మాట్లాడాను. ఆ తర్వాత ఆయన బతికిన పదకొండేళ్ళలోనూ చెప్పలేదు.

మొన్న ఆ ఉత్తరం మడిచి పెడుతూ మా ఆవిడతో అంతా ఒప్పుకున్నాను. తను ఆశ్చర్యపోలేదు.

"నాన్నకి ఆ రోజే తెలుసండీ. 'అల్లుడుగారిని అడక్కమ్మా, చిన్నబుచ్చుకుంటారు' అన్నారు."

ఇక్కడే పుట్టి పెరిగిన మా అల్లుణ్ణి ఏదైనా అడిగితే, "నాకు తెలీదు అంకుల్, ఫోన్‌లో చూద్దాం" అంటాడు హాయిగా. ఆ మాట అంత తేలికని నాకు ఎవరూ చెప్పలేదు. అతన్ని చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా. కానీ ఏమీ తెలియని నన్ను, తెలియదని తెలిసి కూడా, మళ్ళీ మళ్ళీ ఏదో ఒకటి అడుగుతూ శ్రద్ధగా విన్న మనిషి ఇప్పుడు నాకు లేరు.