ఉప్పు వేయని సముద్రం

మా సోషల్ సార్ పోయారు. బోరు వేసే రిగ్గు లారీ మా చీనీ, అంటే బత్తాయి, తోట గట్టున ఆగి ఉన్న పొద్దునే ఆ కబురు వచ్చింది. దుఃఖం ఒక్కటే కాదు, దాచడమెందుకు, కోపం కూడా వచ్చింది. నాకు ఒక మాట చెప్పాల్సి ఉండగా పోయారాయన.

ఆయన పాఠం ఎరగని వాళ్ల కోసం చెబుతాను. బిందె నిండా నీళ్లు బల్ల మీద పెట్టించి, భూమ్మీది నీళ్లన్నీ ఇవే అనుకోమనేవారు. అందులోంచి చిన్న గ్లాసెడు తీసి, మంచినీళ్లు ఇంతే, బిందెలో మిగిలిందంతా సముద్రం అనేవారు. ఆ గ్లాసులోనూ సగానికి పైగా గిన్నెలోకి వంచి, ఇది ధ్రువాల దగ్గరా కొండల మీదా గడ్డకట్టిన మంచు అనేవారు. గ్లాసు అడుగున మిగిలింది భూమి లోపలి నీరు. మరి ఏర్లూ చెరువులూ ఏవి సార్ అంటే, గ్లాసులో వేలు ముంచి ఆ తడి చూపించేవారు. సముద్రం ఉప్పగా ఉంటుంది కదా, ఉప్పేద్దాం అని మేం గోల చేస్తే మాత్రం కళ్లెర్రజేసేవారు.

"ఉప్పేస్తే మళ్ల ఎవురు తాగల్లప్పా?"

పాఠం అయ్యాక ఆ సముద్రాన్నీ మంచునీ తలా ఇన్ని తాగి ఇంటికి పోయేవాళ్లం.

అంత మంచు ఉండగా మనకీ కరువేంది సార్ అని పెద్దయ్యాక కూడా సతాయించేవాణ్ణి. అది కరిగితే సముద్రంలోకి పోతాది గానీ అనంతపురానికి రాదని నవ్వేవారు. బోర్ల సంగతి ఎత్తితే నవ్వు ఉండేది కాదు. "లోపలుండేది ఎప్పుడో పడిన వాన. తోడేకి దినం చాలు, నిండేకి మన జన్మ చాలదు." ఎవరడిగినా మొహం మీదే వద్దనేవారు. అందుకే ఊళ్లో సగం మందికి ఆయనంటే గిట్టదు.

ఆ ముందురోజు నేనూ అడిగాను. ఉన్న బోరు ఎండింది. ఇంకా లోతుకు వేయకపోతే తోట దక్కదు. ఆయన చెట్ల మధ్య చాలాసేపు తిరిగారు. ముడుచుకుపోయిన ఆకునొకదాన్ని వేళ్లతో సాపు చేశారు. రేపు చెప్తాలే అని వెళ్లిపోయారు. ఆ మాట కోసమే లారీని ఆపి ఉంచాను.

వాళ్లింటికి పరుగెత్తితే ఆ రోజు కొళాయి రాలేదట. సార్ తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, "స్నానం చేయించేకి నీళ్లు లేవన్నా" అన్నాడు. చెట్లకని తెప్పించుకుంటున్న నీళ్ల ట్యాంకరు దారిలో ఉంది. దాన్ని అక్కడికే మళ్లించాను. తెర వెనక వాళ్లు స్నానం చేయిస్తుంటే, నిలబడలేక, కూర్చోలేక బయట తిరుగుతూనే ఉన్నాను. తెర కింద నుంచి నీళ్లు బండల మీదుగా వచ్చి వీధి మట్టిలో ఇంకిపోతున్నాయి. ఊరందరికీ వద్దన్న మనిషికి, నా చెట్లు చూశాక వద్దనడానికి నోరు రాలేదు. అది అప్పుడు తట్టింది నాకు. ఇంక ఆ మాట అనాల్సింది నేనే.

రిగ్గు మేస్త్రీకి ఫోన్ చేసి, "వద్దప్పా, ఎత్తుకోండి" అన్నాను. చెట్లు ఏమవుతాయో తెలియదు.

మసీదు నుంచి తెచ్చిన జనాజాలో సార్‌ను పడుకోబెట్టి లేపారు. నేనూ భుజం పట్టాను. ఊరి బయట, తిరిగిపోతున్న రిగ్గు లారీ మమ్మల్ని చూసి పక్కకు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు. మట్టి అంటని ఆ ఇనుప పైపుల పక్కగా సార్‌ను మోసుకుంటూ పోయాం.