శ్రమల దినాల్లో కడపకు

మా ఆయన యోహాను లారీ ప్రమాదంలో పోయి మూడేళ్లు. ఆ లారీ నడిపిన ఓబులేసు శిక్ష ముగించుకుని వచ్చాక, ఒక్కసారి కలవాలని మా పాస్టరుగారి ద్వారా రెండుసార్లు కబురు పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఈ ఏడాది, ఈస్టరుకు ముందు ఉపవాసముండే శ్రమల దినాల్లో, శుక్రవారం ఆరాధనలో, ప్రభువు సిలువ మీద వేలాడుతూ తనను కొట్టినవాళ్లను క్షమించమని వేడుకున్న భాగం చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు. ఓబులేసు ఎక్కడున్నాడో పాస్టరుగారిని అడిగి, మర్నాడే బయలుదేరాను.

కర్నూలు బస్టాండులో ఉదయం ఆరు గంటలకు కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కుడివైపు కూర్చోవడం మేలు, ఎడమ కిటికీలకు పొద్దుటి నుంచే ఎండ.

ఎనిమిదికి నంద్యాలలో బస్సు పది నిమిషాలు ఆగింది. అందరూ ఇడ్లీకి దిగారు. నేనూ, పక్క సీటులోని ముసలావిడ ఖాసింబీ మాత్రం దిగలేదు.

"నువ్వూ తినవేం మా? ఒక్కపొద్దా?" అంది.

"శ్రమల దినాలమ్మా. సాయంత్రం దాకా ఏమీ ముట్టను."

"మాదీ రంజాను ఒక్కపొద్దే. యాడికి పోతాండావు?"

చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆళ్లగడ్డ దాటాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "కడుపు మాడ్చుకునేది సులువు మా. ఈ పని శానా కష్టం" అంది.

కడప చేరేసరికి పదకొండు దాటింది. ఊరి బయట బండలు పాలిష్ పట్టే షెడ్ల దాకా ఆటోకు ఎనభై రూపాయలు. ఓబులేసు అక్కడే పనిచేస్తున్నాడు. మోచేతుల దాకా రాతి దుమ్ము. కోర్టులో చూసినప్పటికన్నా సగమయ్యాడు. నన్ను చూడగానే మిషను ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు కబురు పెట్టావు?" అని అడిగాను.

"తప్పు నాదే మా. బండి నడుపుతా ఉంటే నాకు కునుకు పట్టింది. దిగి పరిగెత్తి ఆయప్పను ఒళ్లో పండబెట్టుకుంటి. నీళ్లు తాపితి. రెండు గుక్కలు తాగి, 'మా శాంతకు మెల్లగా చెప్పండప్పా, తట్టుకోలేదు' అన్యాడు. అంతే. ఆ మాట నీది మా. ఇన్నాళ్లూ నాకాడనే ఉండిపాయె."

కబురు వచ్చిన రెండుసార్లూ కాదని, నా భర్త ఆఖరి మాటను నేనే దూరం పెట్టుకున్నాను. అక్కడున్న బండల మీదే కూర్చుని ఏడ్చాను. అతనూ ఏడుస్తూ నిలబడ్డాడు. చివరికి, "నిన్ను క్షమించాను, ఓబులేసూ" అన్నాను. కోపమంతా పోయి అన్న మాట కాదది. అయినా అన్నాను. అతను నేల మీద కూలబడిపోయాడు. భుజం మీద చెయ్యి వేశాను.

రెండున్నరకు తిరుగు బస్సు దొరికింది. మైదుకూరు దాకా ఏమీ ఆలోచించలేకపోయాను. ఇన్నాళ్లూ నొప్పి తగ్గాక క్షమిద్దామని ఆగాను. ప్రభువు అలా ఆగలేదు. చేతుల్లో మేకులు ఉండగానే, నెత్తురు కారుతుండగానే వేడుకున్నాడు. సిలువ గురించి నాకు తెలిసింది ఇంతే. నొప్పి నాకూ తగ్గలేదు. కానీ మూడేళ్లుగా యోహానును తలుచుకుంటే లారీయే కనిపించేది. ఆ సాయంత్రం బస్సులో మా ఆయన గొంతు వినిపించింది.