వాసన ఆమోదయోగ్యం

పర్యావరణ కన్సల్టెన్సీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా చేరిన మూడో నెలలోనే నా మీద నాకు రోత పుట్టింది. హోదా పేరు ఘనంగానే ఉండేది. చేసే పనల్లా ఫ్యాక్టరీవాళ్లకూ ల్యాబువాళ్లకూ మా మేనేజరుకూ మధ్య తిరుగుతూ, రిపోర్టు గడువులోగా అందించడం.

మొదటి ప్రాజెక్టు చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ విస్తరణ. చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు పరీక్షించాలి. ఫ్యాక్టరీ గోడను ఆనుకునే ఒక ముసలమ్మ చెలక, అందులో ఒక బోరు ఉన్నాయి. బోరు మోటరు వేయగానే కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. పద్ధతి ప్రకారం సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాను. ఆ నీళ్లు తాగే ఒక బర్రె చచ్చిందని, మిగిలిన ఒక్కదానికి ఊళ్లోంచి నల్లా నీళ్లు బిందెలతో మోస్తున్నానని ఆమె చెప్పింది.

"నాకేం ఒద్దు బిడ్డా. గీ నీళ్లల్ల ఏమున్నదో కాయితం మీద సక్కగ రాయి" అంది.

కారు దిగని మా మేనేజరు సీసా మూత తీసి వాసన చూసి, నవ్వి, రోడ్డు పక్కన పారబోశాడు. ఊళ్లో నల్లా దగ్గర నింపుకు రమ్మన్నాడు. లేబుల్ మాత్రం మార్చొద్దన్నాడు. ఈ పనిలో అందరూ ఇలాగే నేర్చుకుంటారట. నింపాను. అవును, నేనే. ఆమె బోరుకు ఎదురుగా 'తాగడానికి పనికొస్తుంది, వాసన ఆమోదయోగ్యం' అని టైపు చేసిందీ ఈ చేతులే. థూ! నీళ్లు మార్చిన రోజు మధ్యాహ్నం నార్కట్‌పల్లి హోటల్లో ఆయన కోడి ఎముకలు చీకుతూ నా భవిష్యత్తు వర్ణిస్తుంటే, ఆ పళ్లెం ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. బోర్లించలేదు. నేనూ తిన్నాను.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఫ్యాక్టరీ ముందు షామియానా వేశారు. అధికారి మా రిపోర్టు చదవగానే, అంతా అబద్ధమని ఊరివాళ్లు గొడవకు దిగారు. అప్పుడు ఆ ముసలమ్మ లేచి నా వైపు వేలు చూపింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"గా బిడ్డ నా ముంగటనే పట్టుకపోయింది. సీసా మూడుమాట్ల కడిగింది. గామె ఎందుకు అబద్ధం రాస్తది?"

నీళ్లు ఇప్పుడు బాగుపడ్డాయేమో, ఇక బిందెలు మోసే ఓపిక లేదు, రేపటి నుంచి బర్రెకు అవే తాపుతానని చెప్పి కూర్చుంది. గొడవ చల్లబడింది. మేనేజరు నా వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. మైకు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను రిపోర్టు కాగితాలు సర్దుకున్నాను.

సభ అయ్యాక ఆమె వెనకాలే పరుగెత్తాను. రిపోర్టు అబద్ధమని, బర్రెకు ఆ నీళ్లు తాపొద్దని మెల్లగా చెప్పాను. ఆమె ఆగి నా మొహంలోకి చూసింది.

"గీ మాట గాడ, అందరి ముంగట చెప్తే ఏమైతుండె?"

"నౌకరి పోతుండె అవ్వా" అన్నాను.

ఆమె పక్కకు తిరిగి నేల మీద ఉమ్మి, ఊరివైపు నడిచిపోయింది.