తన సొంత సైటు వద్దన్న సారు

అమ్ముడుపోయింది! నేనే ఫోటో తీసి, నా వేలితో ధర కొట్టి, మా వెబ్‌సైటులో పెట్టిన చీర నిన్న పొద్దున అమ్ముడుపోయింది! ఏడో తరగతితో బడి మానేసి మగ్గమెక్కిన మనిషిని, డెబ్బై దాటినవాణ్ణి, సంతోషం పట్టలేక మీ అందరికీ రాస్తున్నాను. ఈ మాట అందరికంటే ముందు వినవలసిన మనిషి మాత్రం లేడు. మాకు ఆ సైటు ఎంచిపెట్టిన కంప్యూటరు సారు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. చీర అమ్ముడైందని తెలియగానే నా చెయ్యి ఆయన నంబరే నొక్కింది. రెండు రింగులు పోయాక గుర్తొచ్చి పెట్టేశాను.

మాది పోచంపల్లి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకుని చాలా ఏళ్ళయింది, ఇప్పుడు మా బిడ్డ నడుపుతోంది. సారు మా సందులోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటులో పాఠాలు చెప్పేవారు. కృష్ణా జిల్లా మనిషి, మీర్‌పేటలో కిరాయి ఇల్లు. మా బిడ్డ ఆయన దగ్గర చదువుకుంది. ఆమె సారు అంటే నేనూ సారు అన్నాను, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవారైనా.

మొదట మాకు వేరే సైటు ఉండేది. తెరవగానే పాట వచ్చేది, తామరపువ్వు తిరిగేది. ఒకరోజు విజయవాడ నుంచి ఒకామె ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి తిన్నగా దుకాణానికి వచ్చింది. మేము పంపిన చీర గల్లా మీద పడేసింది.

“ఫోటోలో చీర ఇదేనా అండీ? మీరే చూసి చెప్పండి. మా అమ్మాయి నిశ్చితార్థానికి కదా కొన్నాను!”

అది ఆ చీర కాదు. ఫోటోలోది ఎప్పుడో అమ్ముడైపోయింది, అదే పడుగు మీద నేసిన ఇంకోటి పంపాం. ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. కానీ దారానికి కట్లు కట్టి రంగులో ముంచే పని కాబట్టి ఒకదాని పువ్వు అంచు ఇంకోదానికి రాదు. అది మా ఇళ్ళలో ప్రతివారికీ తెలుసు. సైటు చేసినాయనకు మాత్రం నేను చెప్పలేదు. కంప్యూటరోళ్ళకు తెలియనిది ఉంటుందా అనుకున్నాను! ఆయన ఏడు చీరలకు ఒకే ఫోటో పెట్టాడు. మార్చాలంటే ఆయనే మార్చాలి. వేరే ఉద్యోగానికి పోయి ఫోను ఎత్తడం మానేశాడు.

ఆ రోజు మా బిడ్డ చీర మడతపెడుతూ అంది: “ఇగ బంద్ చేద్దాం నాయినా. సందుల బండి ఆపనిస్తలేరని దుకాణానికి ఎవ్వరొస్తలేరు. సైటు కూడా గిట్లనే ఉంటే నేనేదన్న నౌకరి చూస్కుంటా.”

సారు అప్పుడే లోపలికి వచ్చి ఆ మాట విన్నారు. “వారం ఆగమ్మా,” అన్నారు. వారం కాదు, మూడు నెలలు పట్టింది. తనకు ఇంకెన్ని నెలలు మిగిలున్నాయో లెక్క తెలిసి కూడా ఆ మూడూ మాకిచ్చారు.

ఆయనకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు ఎల్‌బీ నగర్ దగ్గర దవాఖానలో రక్తం కడిగించుకునేవారు. మిగతా రోజులు మా దుకాణంలో పరుపు మీద కూర్చునేవారు. నీళ్ళు కూడా కొలిచి తాగాలి. మా దగ్గరికి వచ్చినవాళ్ళకు చాయ్ ఇవ్వకుండా పంపం. ఆయన గ్లాసు అందుకొని, రెండు గుక్కలు తాగి, చల్లారేదాకా రెండు చేతుల్లో పట్టుకునేవారు. “వేడికి కొలత లేదు కదా బాబాయ్ గారూ,” అని నవ్వేవారు.

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనేది ముందు ఎంచుకోవాలన్నారు. అదేందని అడిగితే ఆయన చెప్పింది ఒక్క ముక్కే. “వెబ్‌సైటుకి అది వెనక గది. ముందర షోరూము జనానికి, వెనక గది మనకి. ఫోటోలు, ధరలు అక్కడే మారుస్తాం. అందరూ షోరూము చూసి మోజుపడతారండీ. ఎంచుకోవాల్సింది వెనక గదిని.”

లాప్‌టాప్‌లో మూడు రకాల వెనక గదులు తెరిచి నా ముందు పెట్టారు. “ఒక్కో దాంట్లో ఒక్కో చీర పెట్టండి. నేను నోరెత్తను,” అన్నారు. నేను ఎక్కడ ఆగానో, ఎక్కడ తప్పు నొక్కానో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. చెమటలు పట్టాయి నాకు!

“నాయినకెందుకు సార్ పరేషాన్? నేను చేస్త కద,” అంది మా బిడ్డ.

“నువ్వు జ్వరమొచ్చి పడుకున్న రోజు ఎవరు చేస్తారమ్మా? ఈయన చెయ్యి దేంట్లో ఆగకపోతే అదే మీది.”

మా బిడ్డకు నెలనెలా కిరాయి కట్టేది నచ్చింది. నిజంగానే అందంగా ఉంది. సారు కాదనలేదు. “బాగుంది. రేపు ఖాళీ చేయాల్సొస్తే నీ చీరల ఫోటోలు, కొన్నవాళ్ళ పేర్లు అన్నీ బయటికి రానిస్తారో లేదో చదువు,” అన్నారు. చదివి ఆమే వద్దంది.

తరువాత ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరువను. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టని మనిషి, నన్ను వెంటబెట్టుకుని మా సందులోని ఇన్‌స్టిట్యూట్లన్నీ ఎక్కారు. అన్నీ మూడో అంతస్తు, నాలుగో అంతస్తు.

“ఏంది సారూ, గిన్ని మెట్లెందుకు? ఫోన్ల అడగరాదా?”

“ఫోనులో అన్నీ నేర్పుతాం అంటారు బాబాయ్ గారూ. క్లాసులో నిజంగా ఏది నేర్పుతున్నారో తొంగి చూడాలి.”

ఎక్కువ క్లాసుల్లో ఏది నేర్పుతున్నారో దాన్నే మాకు పెట్టారు. అందరికీ ఉచితంగా దొరికేది. చూడటానికి సాదా. చీరకొక పేజీ, చీరకొక ఫోటో, అమ్ముడైతే దానంతటదే మాయం.

నాకప్పుడు కోపమొచ్చింది. ఎందుకంటే అలాంటి వెనక గదే ఆయన సొంతంగా రాసింది ఒకటుంది. ఎన్నో ఏళ్ళు కూర్చుని రాసుకున్నారు. దాన్ని ఒకసారి నాకు చూపించారు. నేను అడగకుండానే చీరకు పడుగు నంబరు వేసే చోటు కూడా అందులో పెట్టారు! నా చెయ్యి దాంట్లో ఒక్కసారీ ఆగలేదు.

“గదే పెట్టు సారూ, ఇదెందుకు! నీ పేరుంటది.”

“పేరుంటుంది, నేనుండను. అప్పుడది ఆగిపోతే ఎవరిని పిలుస్తారు? అది నాకొక్కడికే తెలుసు బాబాయ్ గారూ.”

నేను అరిచాను. అట్లాంటి మాటలు అనొద్దన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, “ఇంకో చీర పెట్టండి చూద్దాం,” అన్నారు. ఆ రోజు పదకొండు చీరలు పెట్టించారు. మధ్యలో ఒకసారి గోడకానుకొని నిద్రపోయారు. చేతికి సూదులు గుచ్చిన చోట కట్టుమీద రక్తం మరక. నేను ఫ్యాను ఆయన వైపు తిప్పి పన్నెండోది మొదలుపెట్టాను.

సారు పోయిన రోజు ఆయన భార్య, మేడం, ఫోను చేసింది. మీర్‌పేటకు పోయాను. కిరాయి ఇల్లు కదా, ఇంటి ఓనర్లు సారును పైకి తీసుకుపోనివ్వలేదు. గేటు బయట టెంటు వేసి, గాజు పెట్టెలో పెట్టారు. రోడ్డు మీద ఆటోలు హారన్ కొడుతూ పోతున్నాయి. ఎందరికో పాఠం చెప్పిన మనిషికి తన గుమ్మం దాటి లోపలికి పోయే భాగ్యం లేకపోయింది. ఈ బాధ నాకు పోదు.

మూడో రోజు మా సైటు తెల్లగా అయిపోయింది. ఏం నొక్కినా తెల్ల తెర. మా బిడ్డ తల పట్టుకుంది, “సారు పోయిండు, సైటు పోయింది,” అని. నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని సారుతో ఎక్కిన మెట్లే మళ్ళీ ఎక్కాను. నాలుగో అంతస్తులో పాఠం చెబుతున్న ఒకావిడ తలుపు దగ్గర నన్ను చూసింది.

“ఏమైంది అంకుల్?”

“సైటు సచ్చిపోయిందమ్మా.”

ఆమె తెర చూసి, “ఇదా! ఇయ్యాల నేను క్లాసుల చెప్పేదే ఇది. రాత్రి కొత్తది అప్‌డేట్ అయింది, లోపల పాతదొకటి దానికి పడలేదు, గంతే. కూసోండి,” అంది. క్లాసు మొత్తానికీ చూపిస్తూ బాగుచేసింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. అందరూ సైటు కోసం అనుకున్నారు.

అప్పటినుంచి చీరలన్నీ నేనే పెడుతున్నాను. నిన్న అమ్ముడైంది వాటిలో మొదటిది. అమ్ముడైన వెంటనే పేజీలోంచి మాయమైంది, ఇంకెవరికీ కనబడలేదు! బంద్ చేద్దామన్న మాట మా బిడ్డ నోట మళ్ళీ రాలేదు.

నిన్న సాయంత్రం మీర్‌పేట పోయి మేడంతో చెప్పాను. ఆమె లోపలికి పోయి సారు ఫోను తెచ్చింది. తరువాత, “దవాఖానలో మంచం మీద నాలుగేసి గంటలు పడుకుని, చుట్టాలందరికీ ఫోన్లు చేసి మీ సైటు గురించే చెప్పేవారండీ. వాళ్ళందరూ అడుగుతున్నారు. మీరే చెప్పండి,” అంది. వాళ్ళ నంబర్లు ఒక కాగితం మీద రాసిచ్చింది.

రాజమండ్రిలో తమ్ముడుగారు. సొంతది పెట్టనందుకు అన్నతో పోట్లాడినాయన.

వరంగల్ హాస్టల్లో కూతురు. పరీక్షలున్నాయి, సాయంత్రం ఆరు దాటాక చేయాలి.

ఏలూరులో మేనమామ. చెవులు వినబడవు, గట్టిగా చెప్పాలి.

తెనాలిలో అక్కగారు.

అక్కగారి దగ్గరే ఉంటున్న వాళ్ళ అమ్మగారు. ఎనభై ఎనిమిదేళ్ళు. కొడుకు పోయినట్టు ఆమెకింకా చెప్పలేదు. మావాడు ఆ చీరలాయన పనిలో ఉన్నాడా, అందుకే ఫోను చేయట్లేదా అని రోజూ అడుగుతోందట. సైటు అయిందని, చీర అమ్ముడైందని చెప్పాలి. అంతవరకే చెప్పాలి.